మగ్గం అమ్మి లేబుల్ కొన్నవాళ్ళు

కోనామి అంటే ఏమిటని కోడుమూరు బస్టాండులో అడిగితే ఎవరూ చెప్పలేరు. కాంట్రా అని చూడండి, ముప్పై అయిదు దాటిన ప్రతి మగాడూ ఆగి నవ్వుతాడు. వేసవి సెలవుల్లో టీవీకి వైరు తగిలించి, పసుప్పచ్చ క్యాసెట్టును నోటితో ఊది లోపలికి నెట్టి, చొక్కాల్లేని ఇద్దరు వీరులతో తుపాకులు పేల్పించిన తరం అది. క్యాసెట్టు మీద వేలకు వేల ఆటలని అచ్చేసి ఉండేది, లోపల ఉన్నవి పది పన్నెండు. వాటిలో మొదటిది ఎప్పుడూ కాంట్రానే. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆ తర్వాత రెండు గుండీలు నొక్కితే ముప్పై ప్రాణాలు వచ్చేవి. ఆ చిట్కా తెలిసిన పిల్లోడికి వీధిలో ఉన్న మర్యాద సర్పంచికి కూడా ఉండేది కాదు.

ఆ ముప్పై ప్రాణాలు ఇచ్చిన కంపెనీయే కోనామి. తన దగ్గర పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం తిండికి బయటికి వెళ్ళి ఎన్ని నిమిషాలకు తిరిగొచ్చారో టైమ్‌కార్డు పెట్టి లెక్కగట్టిందనీ, ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేర్లు ఆఫీసంతా తెలిసేలా ప్రకటించిందనీ 2015 ఆగస్టులో జపాన్ ఆర్థిక పత్రిక నిక్కీ రాసింది. ఇంకా చాలా రాసింది. ఎవరు ఏ గదికి పోతున్నారో చూడటానికి వసారాల్లో కెమెరాలు. చాలామంది ఉద్యోగులకు సొంత ఈమెయిల్ చిరునామా ఉండదు, కొన్ని నెలలకొకసారి మారిపోయే అక్షరాల గుత్తి ఒకటి ఇస్తారు, బయటి కంపెనీలు వీళ్ళను ఎగరేసుకుపోకుండా. మానేసిపోయిన ఒకాయన ఫేస్‌బుక్‌లో ఏదో రాసుకుంటే దానికి ‘లైక్’ కొట్టిన పాపానికి కొందరి కుర్చీలు మారాయి. ఇక అక్కర్లేదనుకున్న ఆటల రూపకర్తలను తీసుకుపోయి కంపెనీవారి వ్యాయామశాలల్లో తుడిచే పనికో, గేటు కాపలాకో, జూదపు యంత్రాల ఫ్యాక్టరీకో వేశారు.

దీన్ని చదివి చాలామంది ఛీ అన్నారు. నేను అనను. మేనేజరు కష్టం మేనేజరుకే తెలుసు. ఆలోచించండి, అతను రోజూ ఎవరితో వేగాలి? ఒక ఆలోచన కోసం మూడు వారాలు కిటికీలోంచి చూస్తూ కూర్చునే మనుషులతో. రాక్షసుడి తోక ఎంత పొడవుండాలో తేల్చలేక ఇంటికి పోని మనుషులతో. గడువు అడిగితే ‘ఇంకా కుదరలేదు సార్’ అనే మనుషులతో. వీళ్ళ జీతం పట్టీలో కనబడుతుంది, వీళ్ళు చేసేది ఏ పట్టీలోనూ కనబడదు. ఎక్సెల్ షీటులో ‘కుదరటం’ అనే గడి లేదు. కాబట్టి మహానుభావుడు ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. దేశాలు, కంపెనీలు, కాలాలు మారినా ఆ సిద్ధాంతం మారలేదు. పేరే ఆస్తి, చేసేవాడు ఖర్చు. ఆస్తిని పెంచు, ఖర్చును తగ్గించు. ఖర్చు పూర్తిగా సున్నా అయిన రోజున ఆస్తి ఒక్కటే మిగులుతుంది, ఇక మనమే రాజులం.

ఈ సిద్ధాంతాన్ని మొన్న మా ఊళ్ళో ఒక మగ్గాల ఇంట్లో చెప్పగా విన్నాను. కోడుమూరు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. హంద్రీ పక్కనుండే ఈ ఊళ్ళో నేసే చీరలు గద్వాల చీరలు. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. గద్వాల అవతలి రాష్ట్రంలో, తుంగభద్ర దాటి ఉంది. పేరు అక్కడ, పని ఇక్కడ. బెంగుళూరులో ఎంబీఏ చదివి, పెళ్ళికని ఊరొచ్చిన కుర్రవాడొకడు గుంటమగ్గం మీద కూర్చున్న పెద్దాయనకు వ్యాపారం నేర్పుతున్నాడు.

“మామా, నీ పనిలో దమ్ముండాది. నీకు బ్రాండు లేదు, అదే సమస్య.”

“లేకేమప్పా. గద్వాల అంటే ఎవురైనా కొంటారు.”

“ఆ పేరు నీది కాదు గదా. ఆ పేరును కంపెనీ పెట్టి మనం చేతిలోకి తీసుకోవాల. పేరు చేతిలో ఉంటే మగ్గంతో పని లేదు. నేత బయటికి ఇచ్చేయొచ్చు.”

“ఎవురికి?”

“సూరత్ మరమగ్గాలకు.”

“వాళ్ళు ఇప్పటికే మమ్మల్ని అడక్కుండా ఆ పని చేస్తాండారు గదప్పా. మళ్ళా మధ్యలో నీ కంపెనీ ఏంటికి?”

కుర్రవాడు ఫోన్ వచ్చిందని బయటికి పోయాడు. ఆ పెద్దాయనకు కోనామి ఎవరో తెలియదు, అయినా దాని చరిత్రను ఒక్క ప్రశ్నలో కుదించాడు.

ఆ చరిత్ర కొంచెం విప్పుదాం, ఎందుకంటే అందులో వినోదం ఉంది. 1969లో ఒసాకాలో కొజుకి కగెమాసా అనే ఆయన నాణెం వేస్తే పాట పాడే పెట్టెలను అద్దెకివ్వటం, బాగుచేయటంతో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. నాణెంతో మొదలైన కంపెనీ, నాణెం మీద ధ్యాస ఉండటం తప్పేం కాదు. మధ్యలో కొంతకాలం ఆటలు చేసే పిచ్చివాళ్ళు లోపలికి చొరబడ్డారు. 1986లో హిడియో కోజిమా అనే కుర్రాడు చేరాడు. యుద్ధం ఆట చెయ్యమన్నారు. అప్పటి కంప్యూటరుకు ఒకేసారి నలుగురు శత్రువులను, నాలుగు తూటాలను చూపించే ఓపిక లేదు. చేసే శక్తి లేనప్పుడు మన ఆఫీసుల్లో అయితే ఫైలు వెనక్కి పంపుతారు. ఇతను యుద్ధాన్నే తిప్పేశాడు. శత్రువుతో కొట్లాడటం కాదు, శత్రువుకు కనబడకుండా దాక్కోవటమే ఆట అన్నాడు. 1987లో వచ్చిన ఆ ఆటే మెటల్ గేర్. దాక్కునే ఆటలు అనే ఒక జాతికి అది పెద్దదిక్కు అయింది. ఇంకో ఉదాహరణ. వేరే పనుల్లో విఫలమైనవాళ్ళను, మానేసి పోదామనుకుంటున్నవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి ఏదో చెయ్యండని వదిలేశారంటారు. పైవాళ్ళకు పెద్దగా ఆశ లేదు కాబట్టి అజమాయిషీ కూడా లేదు. వాళ్ళు చేసింది 1999 నాటి సైలెంట్ హిల్. పొగమంచు కమ్మిన ఊరు, రేడియోలో గరగర. ఆ పొగమంచు కూడా యంత్రం దూరంగా ఉన్నవాటిని చూపించలేక కప్పిన ముసుగే. ప్రపంచం వణికింది.

మంచి మేనేజరు ఈ రెండు ముచ్చట్లూ విని ఏం నేర్చుకోవాలి? వదిలేస్తే పని అవుతుందని కదా. మేనేజరు నేర్చుకున్నది ఇది: ‘మెటల్ గేర్ అనే పేరు మన దగ్గరుంది, సైలెంట్ హిల్ అనే పేరు మన దగ్గరుంది, ఇక వీళ్ళెందుకు?’

2015 నాటికి కోజిమా బృందాన్ని ‘ఎనిమిదో ఉత్పత్తి విభాగం’ అని మార్చేశారనీ, వాళ్ళ కంప్యూటర్లకు ఇంటర్నెట్టు కూడా లేకుండా చేశారనీ అదే నిక్కీ కథనం చెబుతుంది. వార్డు నంబరులాగా ఎనిమిది. కోనామిలో అతని ఆఖరి పెద్ద ఆట మెటల్ గేర్ సాలిడ్ 5 ఆ సెప్టెంబరు 1న విడుదలకు సిద్ధమైతే, అట్ట మీద ఉండే అతని పేరు తీసేశారు. తీసేసినవాళ్ళు ఆట ఆడి ఉండరు. ఆడితే తెలిసేది, లోపల ప్రతి ఘట్టం మొదట్లోనూ సృష్టి, దర్శకత్వం హిడియో కోజిమా అని వస్తూనే ఉంటుంది. గుమ్మం మీద బోర్డు పీకి, ఇంట్లో ప్రతి గోడ మీదా వదిలేశారన్నమాట. అక్టోబరులో అతనికి ఆఫీసులో వీడ్కోలు జరిగిందని న్యూయార్కర్ రాసింది. అబ్బే, సెలవులో ఉన్నాడు అంతే అని కంపెనీ చెప్పింది. డిసెంబరులో అమెరికాలో ఆ ఆటకు బహుమతి వస్తే, అది తీసుకోవటానికి రాకూడదని కంపెనీ వకీలు ఆపాడని వేదిక మీదనే ప్రకటించారు. ఇంకో రెండు వారాలు తిరక్కుండా అతను సొంత కంపెనీ పెట్టుకున్నట్టు తేలింది. సెలవు బాగా గడిచిందన్నమాట.

పి.టి. అనే రెండక్షరాల ఆట గతి ఇంకా గొప్పది. 2014 ఆగస్టులో ఉచితంగా పెట్టిన చిన్న నమూనా అది. ఒకే ఇంటి నడవా, మళ్ళీ మళ్ళీ అదే నడవా. సినిమా దర్శకుడు గిల్లెర్మో దెల్ తోరోతో కలిసి కోజిమా చేయబోయే కొత్త సైలెంట్ హిల్‌కు అది ముందుమాట. భయంతో జనం కేకలు వేశారు. 2015లో ఆ పెద్ద ఆటను రద్దుచేసి, ఈ నమూనాను దుకాణంలోంచి తీసేశారు. అంతటితో ఆగలేదు, ముందే దింపుకున్నవాళ్ళు ఒకసారి చెరిపేస్తే మళ్ళీ దింపుకోవటానికి కూడా వీల్లేకుండా చేశారు. డబ్బు పెట్టి కొనేవాడికి అమ్మకపోవటం చూశాం, ఉచితంగా ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవటానికి ఒక ప్రత్యేకమైన సంస్కారం కావాలి.

ఆ తర్వాత 2016లో మెటల్ గేర్ సాలిడ్ 3 మళ్ళీ వచ్చింది. కొత్త బొమ్మలు, కొత్త సొగసు. జనం ఎగిరి గంతేసే లోపల తెలిసింది, అది ఆట కాదు, పచిస్లాట్. అంటే జపాన్‌లో వీధివీధినా ఉండే జూదపు యంత్రం. మన కడప జిల్లాలో మట్కా చీటీ మీద మాయాబజార్ ఘటోత్కచుడి బొమ్మ అచ్చేసి, ‘కళను ప్రజల్లోకి తీసుకెళ్ళాం’ అన్నట్టు. 2018లో మెటల్ గేర్ సర్వైవ్ వచ్చింది. కోజిమా లేని మెటల్ గేర్. అందులో రెండో పాత్రను మొదలుపెట్టి దాచుకోవాలంటే పది డాలర్ల దాకా విడిగా కట్టాలి. కాంట్రాలో ముప్పై ప్రాణాలు ఉచితం, ఇక్కడ రెండో పుట్టుకకే రుసుము. 2021 సెప్టెంబరులో ఫుట్‌బాల్ ఆట. దాని పాత పేరు ప్రో ఎవల్యూషన్ సాకర్, ఇరవై ఏళ్ళ పేరు. పేరే ఆస్తి అన్నవాళ్ళు ఆ పేరు కూడా పారేసి ఈఫుట్‌బాల్ అన్నారు. మెస్సీ, రొనాల్డోల మొహాలు దిష్టిబొమ్మల్లా వచ్చాయి, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అప్పటిదాకా ఎవరూ తిననన్ని తిట్లు తిన్నది. సిద్ధాంతకర్తలు తమ సిద్ధాంతాన్ని కూడా వదల్లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే వ్యంగ్యం పిరికిదవుతుంది. కోనామి మునగలేదు. లాభాలు పెరిగాయి, కొన్నేళ్ళుగా రికార్డులు కూడా కొట్టాయి. 2010లో డ్రాగన్ కలెక్షన్ అనే ఫోను ఆట తక్కువ ఖర్చుతో సంచులు నింపినప్పుడే పెద్దల దారి తేలిపోయింది. దాన్ని నడిపించినాయన 2015లో ఆటల విభాగానికి అధ్యక్షుడయ్యాడు. ఒక్క ఆటకు కోట్ల డాలర్లు, ఏళ్ళకు ఏళ్ళు తినే కోజిమాకూ, వేలితో నొక్కితే డబ్బు రాలే ఫోనుకూ మధ్య తూకం వేస్తే ఏది మొగ్గుతుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కాబట్టి పతనం అని ఏడ్చేవాళ్ళు కంపెనీ షేరు ధర చూడకుండా ఏడుస్తున్నారు. పడిపోయింది ఆట, కంపెనీ కాదు. ఆ రెండూ వేర్వేరు వస్తువులని నిరూపించటమే మేనేజ్‌మెంటు శాస్త్రం సాధించిన ఘనకార్యం.

జపాన్‌వాడి గొడవ మనకెందుకు అని మీరు అనేలోపు కడపకు పోదాం.

పొట్టిపాడు అని కడప జిల్లాలో ఒక ఊరు. 1912లో అక్కడ పుట్టిన బి. నాగిరెడ్డి కుటుంబం ఉల్లిగడ్డలు బర్మా వంటి దేశాలకు ఎగుమతి చేసేది. కర్నూలు మార్కెట్లో ధర లేక రైతు ఉల్లిని రోడ్డు మీద పోసి పోయే రోజులు చూస్తున్న మనకు అది పురాణంలా వినబడుతుంది. ఆ ఉల్లి వ్యాపారి కొడుకు మద్రాసులో ప్రెస్సు పెట్టి, చక్రపాణి అనే తెనాలి వైపు మనిషితో జత కట్టి, 1947 జులైలో, స్వాతంత్ర్యానికి నెల ముందు, పిల్లల పత్రిక చందమామ తెచ్చాడు. తెలుగులో, తమిళంలో ఒకేసారి. తర్వాత పన్నెండు పదమూడు భాషలు, సంతాలీ దాకా. ఇది మేనేజ్‌మెంటు కాదా? పక్కా మేనేజ్‌మెంటే. నాగిరెడ్డి సన్యాసి కాదు, లెక్క తెలిసినవాడు. పాతాళభైరవి, మాయాబజార్ తీసినవాడు, విజయా ఆస్పత్రి కట్టినవాడు. లెక్క తెలిసినవాడు కాబట్టే ఏది లెక్కకు అందదో కూడా తెలుసు.

లోపల ఎవరున్నారో చూడండి. కొడవటిగంటి కుటుంబరావు, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా. మార్క్సిస్టు, హేతువాది. దయ్యాలు లేవని బయట వాదించేవాడు, లోపల కూర్చుని నెలనెలా బేతాళుడి చేత మాట్లాడించేవాడు. హోమరు ఒడిస్సీని ‘రూపధరుడి యాత్రలు’ చేసి పల్లెటూరి పిల్లోడికి అందించాడు. ఏ పాఠకుడు పంపిన కథైనా ఆయన చేయి తగిలాక ఒకే గొంతుతో, ఎక్కడా తట్టుకోని తెలుగులో వచ్చేది. దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్కతో మొదలుపెట్టి భల్లూక మాంత్రికుడిదాకా డజను సీరియళ్ళు రాశాడు. వాటికి చిత్రా బొమ్మలు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే విక్రమార్కుడిని గీసింది శంకర్, 1951లో చేరి అరవై ఏళ్ళు అదే కుర్చీలో గీసినవాడు. అట్ట మీద వడ్డాది పాపయ్య.

ఈ మహామహుల్లో కుటుంబరావు పేరు సంపాదకుడిగా పత్రికలో కనబడేది కాదు, ఉన్నది చక్రపాణి పేరు. కాబట్టి కోజిమా పేరు అట్ట మీంచి తీసేశారని గుండెలు బాదుకునేవాళ్ళతో నేను పూర్తిగా కలవను. పేరు వెయ్యకపోయినా పని నడుస్తుంది. మనిషిని ఎనిమిదో వార్డులో వేసి తాళం పెడితే నడవదు. చక్రపాణికి దాసరి రాక్షసులూ మాంత్రికులూ పెద్దగా నచ్చేవి కావనీ, ఒకసారి వాటిని ఆపి బంకించంద్రుడి దుర్గేశనందిని వేయించాడనీ, అమ్మకం తగ్గేసరికి దాసరిని మళ్ళీ రాయమన్నాడనీ అంటారు. యజమానికి తన రుచి ఉంది, ఆ రుచి తప్పిందని పాఠకుడు చెప్పాడు, యజమాని విన్నాడు. అహం మింగాడు, మొసలి తలల రాక్షసులను మళ్ళీ పిలిచాడు. ఈ ఒక్క పని చేయలేక ఎంత పెద్ద పెద్ద బోర్డు రూములు కూలిపోయాయో లెక్కలేదు.

తర్వాత కథ తొందరగా చెబుతాను, అందులో రసం తక్కువ. చక్రపాణి 1975లో పోయాడు, చిత్రా 1978లో, కుటుంబరావు 1980లో. 1998లో పత్రిక ఆగింది, మరుసటేడు చివర కొత్త పెట్టుబడితో లేచింది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 94 శాతం వాటాను పది కోట్ల రూపాయలకు అటు ఇటుగా కొన్నది.

పది కోట్లు. హైదరాబాదు శివార్లలో రెండు విల్లాల ధర. దానికి అరవై ఏళ్ళ కథలు, బొమ్మలు, భాషలు. కొన్నవాళ్ళు కొన్నదేమిటి? ఒక పేరు, ఒక గోదాము. వాళ్ళ దృష్టిలో అది ‘కంటెంట్’. వెబ్‌సైటు, ఫోను, యానిమేషన్ అన్నారు. పాత సంచికలను వెబ్‌సైటులో పెట్టారు, ఆ ఒక్క పనికీ చేతులెత్తి దండం పెట్టాలి. 2008లో పత్రికకు కొత్త ముస్తాబు చేశారు. సాంకేతికం, క్రీడలు, వార్తలు, ఇప్పటి కాలపు కథలు. పిల్లలకు బడిలో దొరికేవన్నీ చందమామలో కూడా దొరికేట్టు చేస్తే పిల్లలు చందమామ కొంటారని ఏ సలహాదారు చెప్పాడో ఆయన ఫీజు ఆయనకు అంది ఉంటుంది. రాకుమారుడు లోయలోకి దిగుతుంటే తిరగేసే పేజీకీ, కంప్యూటరులో ఎన్ని భాగాలుంటాయో చెప్పే పేజీకీ తేడా తెలియాలంటే ఒకసారి పిల్లాడి పక్కన కూర్చుని చూడాలి. అది ముంబయి నుంచి కనబడదు.

2013లో జియోడెసిక్ విదేశీ బాండ్ల అప్పు తీర్చలేక కూలింది. చందమామకు దానితో ఏ సంబంధమూ లేదు. ఉన్నదల్లా ఒకే గొడుగు కింద ఉండటం. పత్రిక ఆగింది. ఆగుతున్నామని ఒక సంచికలో రెండు ముక్కలు రాసి చెప్పిన వీడ్కోలు కూడా లేదు. 2016లో వెబ్‌సైటు పేరుకు కట్టాల్సిన రుసుము కట్టే నాథుడు లేక అదీ పోయింది. మేధాసంపత్తి, బ్రాండ్ విలువ అని ప్రతి సమావేశంలో జపం చేసినవాళ్ళు, ఆ బ్రాండు ఇంటర్నెట్టు చిరునామాకు ఏడాదికి అయ్యే కొన్ని వందల రూపాయలు కట్టలేకపోయారు. కోనామి పి.టి.ని పనిగట్టుకుని చెరిపింది, ఇక్కడ ఆ శ్రమ కూడా పడలేదు. చివరికి బేతాళుడు, విక్రమార్కుడు కోర్టు అమ్మకపు ఆస్తుల వరుసలోకి చేరారు.

దీనికి మేనేజర్ల దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కాలం మారింది సార్, పిల్లలు చదవటం మానేశారు, టీవీ వచ్చింది, ఫోను వచ్చింది. మంచి జవాబే. అయితే ఒక చిక్కు. ఫోను వచ్చాకే దాసరి సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయి, జనం కొన్నారు. కొనేవాళ్ళంతా నడివయసువాళ్ళు, జ్ఞాపకాల కోసం కొంటున్నారు అంటారా? అనండి. ఆ నడివయసువాళ్ళకు పిల్లలుంటారు, పడుకునేముందు ఎవరో ఒకరు ఏదో ఒకటి చదివి వినిపిస్తారు. జపాన్‌లో కూడా ఇదే జవాబు చెప్పారు. ఆటల భవిష్యత్తు ఇక ఫోనులోనే అని కోనామి ఆటల విభాగం అధ్యక్షుడు 2015లో అన్నాడు. కోజిమా 2019లో మోపులు మోసుకుంటూ కొండలెక్కే ఆట ఒకటి చేసి, జనంతో గంటలకు గంటలు సామాను మోయించి, వాళ్ళ చేతే డబ్బు కట్టించుకున్నాడు. అదే కోనామి కాసిల్వేనియా ఆటలను నడిపిన కోజి ఇగరాషి 2014లో బయటికొచ్చి, నాకు అలాంటి ఆట చెయ్యాలని ఉంది, మీరు చందాలిస్తారా అని జనాన్ని అడిగితే యాభై అయిదు లక్షల డాలర్లు పోగయ్యాయి. కాలం మారిన మాట నిజమే, ఎవరికి మారిందనేది వేరే లెక్క.

ఇప్పుడు కొత్త వేషం చూడండి. వదిలేసిన ఆటలనే మళ్ళీ చేయిస్తున్నారు. 2001 నాటి సైలెంట్ హిల్ 2ను 2024లో కొత్తగా తెచ్చారు. చేసింది పోలండ్‌లోని బ్లూబర్ టీమ్. బాగా చేశారు, అబద్ధం చెప్పకూడదు. సొంత ఇంట్లో ఆ పని తెలిసినవాళ్ళను చెదరగొట్టి, ఇరవై ఏళ్ళ తర్వాత పోలండ్‌లో ఆ ఆటను ప్రేమించినవాళ్ళను వెతుక్కున్నారు. 2025 ఆగస్టులో మెటల్ గేర్ సాలిడ్ 3 మళ్ళీ వచ్చింది, ఈసారి జూదపు యంత్రం కాదు, నిజంగా ఆటే. అందులో మొదట వచ్చే పేర్లలో కోజిమా పేరు ఉంది. పదేళ్ళ కింద అట్ట మీద దేనికి పనికిరాలేదో అది ఇప్పుడు పనికొచ్చింది. సిగ్గు పుట్టి వేశారని అనుకునే అమాయకులుంటే వాళ్ళకు గద్వాల చీర అని చెప్పి సూరత్ చీర అమ్మవచ్చు. మన దగ్గర కూడా 2010లో మాయాబజార్‌కు రంగులద్ది విడుదల చేస్తే జనం ఎగబడి చూశారు, నేనూ చూశాను, బాగుంది. ఆ రంగుల ఖర్చులో ఎన్నో వంతు పెడితే కొత్త ఘటోత్కచుడిని ఊహించే మనిషి దొరుకుతాడో ఎవరూ లెక్క వేయలేదు. అలాంటి లెక్క అడగటం మర్యాద కాదు.

మరి ఇన్నాళ్ళూ ఈ ఆస్తులను కాపాడింది ఎవరు? ఇక్కడే నాకు నవ్వు ఆగదు. కాంట్రాను కోడుమూరుదాకా మోసుకొచ్చింది దొంగ క్యాసెట్టువాడు. మా వీధి నుంచి కోనామికి ఒక్క రూపాయి ముట్టలేదు, అయినా ఆ ఆట పేరు చెబితే ఇప్పటికీ బస్టాండు నవ్వుతుంది. పి.టి.ని బతికించింది ఆటను చెరపకుండా ప్లేస్టేషన్ పెట్టెలను అట్లే దాచుకున్నవాళ్ళూ, గీతకు గీత పోల్చుకుని మళ్ళీ కట్టిన ఔత్సాహికులూ. చందమామను బతికించింది, అటక మీది కట్టలు దించి, చెదలు దులిపి, ఒక్కో పేజీ స్కాన్ చేసి, జీతం లేకుండా, పేరు లేకుండా ఊరికే పంచిపెట్టిన పాఠకులు. ఎక్కడి సంచిక చిరిగిందో, ఏ నెల దొరకలేదో, ఏ అట్ట ఎవరు గీశారో వాళ్ళకు తెలిసినంత ఏ యజమాని రికార్డుల్లోనూ ఉండదు. చట్టం ప్రకారం వీళ్ళలో చాలామంది దొంగలు. చట్టం ప్రకారం యజమానులు మాత్రం యజమానులే, సరుకు ఎక్కడుందో తెలియకపోయినా.

రేపు ఎవరో ఒక పెద్దమనిషి కోర్టు దగ్గర చందమామ పేరు కొంటాడు. కొనగానే ముంబయిలోనో హైదరాబాదులోనో ఒక హోటల్లో తెర మీద బేతాళుడు త్రీడీలో ఊగుతాడు, వారసత్వం అనే మాట పదిసార్లు వినబడుతుంది. రాసేవాళ్ళను పెట్టుకుంటాడా, గీసేవాళ్ళకు జీతం ఇస్తాడా అనేది నాకు తెలియదు. ఒకటి మాత్రం పందెం కాస్తాను. మొదటి నెలలోనే మంచి వకీలును పెట్టి, ఆ స్కాన్లన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికించి, ఒక్కటీ మిగలకుండా తీయిస్తాడు. ఆ పనికి బడ్జెట్ ఉంటుంది, గడువు ఉంటుంది, గడువులోపల అయిపోతుంది కూడా.